నులిపురుగుల యాజమాన్యంలో పప్పుజాతి ఆచ్ఛాదన పంటలు: కదిరి మెట్ట ప్రాంతానికి అన్వయం

ఉపోద్ఘాతం

పప్పుజాతి పంట వేస్తే నేల బాగుపడుతుందన్నది రైతులకూ విస్తరణ సిబ్బందికీ తరతరాలుగా ఉన్న నమ్మకం. నత్రజని స్థిరీకరణ, సేంద్రియ కర్బనం, కోత నివారణ అనే మూడు విషయాల్లో ఈ నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. నాలుగవదైన నులిపురుగుల విషయంలో మాత్రం ఈ సూత్రాన్ని యథాతథంగా అన్వయించడం ప్రమాదకరం. ఒక పప్పుజాతి పంట నులిపురుగులను ఆకలితో చంపితే, మరొకటి వాటికి విందు చేస్తుంది. రెండూ వేళ్ళపై బుడిపెలు కట్టేవే, రెండూ పచ్చిరొట్టగా పనికివచ్చేవే. తేడా అంతా వేరులోపల జరిగే ప్రక్రియలో ఉంది.

కదిరి పరిసరాల్లో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతం ఎర్ర ఇసుక నేలల వేరుశనగకు పేరు పొందినది. కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలను అందించిన వ్యవసాయ పరిశోధనా స్థానం ఇక్కడే ఉంది. అయితే బోర్ల కింద టమాట, దానిమ్మ, బత్తాయి తోటలు విస్తరించిన తరువాత నేలలోని నులిపురుగుల స్వభావం మారింది. మరొకవైపు, 2016లో ప్రారంభమైన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో భాగంగా తొలకరికి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి మెట్ట భూముల్లోకి వచ్చింది. నేలను ఏడాదిలో వీలైనన్ని రోజులు పచ్చగా ఉంచాలన్నది దాని ఆశయం. ఆ పచ్చదనం ఏ వేరుపై నిలబడి ఉందన్నది ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

శ్రీకాళహస్తి నేర్పిన పాఠం

రాయలసీమ వేరుశనగకు నులిపురుగు ఎంతటి నష్టం కలిగించగలదో 1970ల మధ్యలో అప్పటి చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి ప్రాంతంలో వెల్లడైంది. మొక్కలు గిడసబారి, ఆకులు మామూలుకంటే ముదురు పచ్చగా కనిపించేవి. పైరు పచ్చగానే ఉండడంతో లోపం ఎక్కడుందో పైనుంచి చూసినవారికి బోధపడేది కాదు. పీకి చూస్తే ఊడలూ కాయలూ గోధుమ నలుపు రంగుకు మారి, కాయలు చిన్నవై ఉండేవి. 'కాళహస్తి తెగులు'గా ప్రసిద్ధమైన ఈ సమస్యకు టైలెంకోరింకస్ బ్రెవిలీనియేటస్ అనే నులిపురుగు కారణమని 1984లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. తరువాత తిరుపతి-3 వంటి తట్టుకొనే రకాలు రైతులకు అందాయి.

ఈ అనుభవం నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, నులిపురుగు నష్టం నీటి ఎద్దడిగానో, పోషకలోపంగానో భ్రమింపజేస్తుంది. వర్షాభావం నిత్యకృత్యమైన కదిరి వంటి చోట ఈ భ్రమ మరింత సులభం. రెండవది, వేరుశనగ కూడా పప్పుజాతి పంటే. పప్పుజాతి అన్నంత మాత్రాన నులిపురుగు నుంచి రక్షణ లభించదనడానికి శ్రీకాళహస్తి పొలాలే సాక్ష్యం.

ఆచ్ఛాదన పంట పనిచేసే తీరు

వేరుబుడిపె నులిపురుగు (మెలాయిడోగైన్) రెండవ దశ పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది వేరు కొనలో ప్రవేశించి, సూది వంటి నోటి భాగంతో కణాలను పొడిచి, వాటిని పెద్ద పోషక కణాలుగా మారుస్తుంది. అవి ఏర్పడితేనే పురుగు ఎదిగి ఆడపురుగవుతుంది. ఒక్కొక్కటి సుమారు 300 నుంచి 500 గుడ్లు పెడుతుంది. నేల ఉష్ణోగ్రత 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు ఈ చక్రం మూడు నాలుగు వారాల్లో ముగుస్తుంది. ఆచ్ఛాదన పంట ఈ చక్రాన్ని నాలుగు విధాలుగా దెబ్బతీయగలదు.

ఒకటి, ఆతిథ్యం నిరాకరించడం. జనుము వేరులోకి పిల్లపురుగు ప్రవేశించినా పోషక కణాలు సరిగా ఏర్పడవు. పురుగు ఎదగదు, గుడ్లు పెట్టదు. వేరులో చిక్కుకొన్నందున మరో మొక్కకూ పోలేదు.

రెండు, రసాయన ప్రభావం. జనుము ప్రజాతి మొక్కల్లో మోనోక్రొటాలిన్ వంటి ఆల్కలాయిడ్లు, దూలగొండిలో ఎల్-డోపా ఉంటాయి. పచ్చిరొట్ట కుళ్ళేటప్పుడు వెలువడే అమ్మోనియా కూడా నులిపురుగులకు హానికరం.

మూడు, సహజ శత్రువులను ప్రోత్సహించడం. సేంద్రియ పదార్థం చేరిన నేలలో నులిపురుగులను వలవేసి పట్టే శిలీంధ్రాలు, గుడ్లను ఆశించే శిలీంధ్రాలు వృద్ధి చెందుతాయి. బాక్టీరియాను తిని బతికే హానిరహిత నులిపురుగులు కూడా పెరిగి, పోషకాలను పైరుకు అందుబాటులోకి తెస్తాయి. కాబట్టి ప్రయోగశాల నివేదికలో మొత్తం నులిపురుగుల సంఖ్య పెరిగినంత మాత్రాన కీడు జరిగిందని భావించరాదు. పెరిగినవి ఏ వర్గానివో చూడాలి.

నాలుగు, ఎర పంటగా ఉపయోగపడడం. నులిపురుగుకు ఇష్టమైన పంటను వేసి, అది గుడ్లు పెట్టకముందే వేళ్ళతో సహా పెకలించి ఎండబెట్టడం దీని సారాంశం. సూత్రం సరైనదే, అమలు కత్తిమీద సాము. మూడు వారాల లోపు పెకలిస్తే ఎర, వర్షం పడి దుక్కి పది రోజులు ఆలస్యమైతే అదే పంట నారుమడి. ట్రాక్టరు దొరకడమే వంతుల మీద ఆధారపడిన గ్రామాల్లో దీనిని సాధారణ సిఫారసుగా ఇవ్వడం తగదు.

పంటల వారీగా పరిశీలన

జనుము: మెలాయిడోగైన్ ప్రధాన జాతులకూ, మూత్రపిండాకార నులిపురుగుకూ (రోటిలెంకులస్ రెనిఫార్మిస్) జనుము చాలా బలహీనమైన ఆతిథ్య పంట. ఈ అంశంపై హవాయి, ఫ్లోరిడా వంటి ప్రాంతాల్లో విస్తృతమైన పరిశోధన జరిగింది. అయితే వేరుమచ్చ నులిపురుగులను (ప్రాటిలెంకస్) జనుము ప్రజాతి అంతగా అడ్డుకోదు. కొన్ని సందర్భాల్లో అవి పెరుగుతాయి కూడా. మరొక పరిమితి, ప్రభావం నిలిచే కాలం తక్కువ. జనుము కలియదున్నిన వెంటనే వచ్చే పంటకు రక్షణ లభిస్తుంది. ఆ పంట చివరికి నులిపురుగులు మళ్ళీ పుంజుకొంటాయి. కనుక జనుమును ఒక్కసారి వేసి వదిలే మందుగా కాక పంటల క్రమంలో స్థిరమైన భాగంగా చూడాలి.

దూలగొండి: వేరుబుడిపె నులిపురుగులను తగ్గించడంలో అమెరికాలోని అలబామా పరిశోధనలు దీని సామర్థ్యాన్ని చాటాయి. దురద కలిగించని సాగు రకాలను మాత్రమే ఎంచుకోవాలి. తీగ విస్తరించడానికి ఎక్కువ కాలమూ తేమా అవసరం కాబట్టి కదిరి మెట్టలో దీనికి అవకాశం స్వల్పం; బోరు కింద తోటల్లో పరిశీలించవచ్చు.

అలసంద, పెసర, మినుము: ఈ మూడూ సాధారణంగా వేరుబుడిపె నులిపురుగుకు లొంగేవే. కంది తిత్తి నులిపురుగు (హెటెరోడెరా కజాని) కూడా వీటిపై వృద్ధి చెందుతుంది. అలసందలో నిరోధక జన్యువు గల రకాలు ఉన్నాయి. అమెరికాలో ఆచ్ఛాదన పంటగా వాడే 'అయర్న్ అండ్ క్లే' అటువంటిది. అయితే నిరోధకత రకానికి చెందిన లక్షణమే తప్ప పంటకు చెందినది కాదు. సంతలో కొన్న అలసంద విత్తనానికి ఆ గుణాన్ని ఆపాదించరాదు.

జీలుగ జాతులు: సెస్బానియా ప్రజాతిలో జాతికొక తీరు. పశ్చిమ కెన్యాలో నేల సారం పెంచేందుకు సెస్బానియా సెస్బాన్‌ను వేసినప్పుడు వేరుబుడిపె నులిపురుగులు పెరిగి, ఆ తరువాత వేసిన చిక్కుడు వంటి పంటలు దెబ్బతిన్నట్లు పరిశోధకులు గుర్తించారు. నత్రజని లాభాన్ని నులిపురుగు నష్టం మింగివేయగలదనడానికి ఇది మంచి ఉదాహరణ.

కంది: వేరుశనగలో అంతరపంటగా కదిరి రైతులకు కంది చిరపరిచితం. తిత్తి నులిపురుగుకూ, మూత్రపిండాకార నులిపురుగుకూ కంది ఆతిథ్యమిస్తుంది. అంతరపంటగా దాని విలువను ఇది తగ్గించదు. కాని కంది సాలు ఉన్న చోటనే మరుసటి ఏడు మళ్ళీ కంది, అలసంద రాకుండా చూడడం మేలు.

వేరుశనగ స్థానం

పై జాబితాలో చాలామంది చేర్చని పప్పుజాతి పంట వేరుశనగ. టమాట, దానిమ్మ తోటల్లో అధికంగా కనిపించే మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా వేరుశనగపై వృద్ధి చెందదు. జాతులను వేరుచేయడానికి నార్త్ కరోలినాలో రూపొందించిన ఆతిథ్య పరీక్షలో వేరుశనగను ఒక కొలబద్దగా చేర్చడానికి ఇదే ఆధారం. మూత్రపిండాకార నులిపురుగు కూడా వేరుశనగపై వృద్ధి చెందదు. అంటే టమాట వేసిన బోరు మడిలో తరువాత వేరుశనగ వేస్తే, కొత్త విత్తనమూ కొత్త విద్యా అవసరం లేకుండానే నులిపురుగుల సంఖ్య తగ్గుతుంది. పైగా కాయల ఆదాయం, పశువులకు మేత లభిస్తాయి.

దీనికి ఒక షరతు ఉంది. మెలాయిడోగైన్ అరెనేరియాలో ఒక తెగ, మెలాయిడోగైన్ జావానికాలో కొన్ని సమూహాలు వేరుశనగను ఆశించి, వేళ్ళపైనే కాక ఊడలు, కాయలపై కూడా బుడిపెలు కలిగిస్తాయి. అటువంటి చేనులో వేరుశనగ విరుగుడు కాదు, వ్యాధికి మూలం. కాబట్టి ముందు చేనులో ఉన్నదేమిటో తెలియాలి.

చేనులోనే గుర్తింపు

పప్పుజాతి పంటల్లో నత్రజని బుడిపెలను, నులిపురుగు బుడిపెలను వేరుచేయడం విద్యార్థి నేర్వవలసిన తొలి పాఠం. రైజోబియం బుడిపె వేరు పక్కన అతికినట్లుండి, వేలితో రాస్తే ఊడివస్తుంది. చురుకుగా ఉన్నదాన్ని చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె వేరు తానే ఉబ్బడం వల్ల ఏర్పడుతుంది. వేరు తెగకుండా అది ఊడదు. ఈ తేడా తెలియక, బుడిపెలు నిండిన అలసంద వేరును చూపి నత్రజని బాగా పట్టిందని చెప్పే పొరపాటు జరిగే అవకాశం ఉంది.

జాతి నిర్ధారణకు ప్రయోగశాల అందుబాటులో లేనప్పుడు కుండీ పరీక్ష ఉపయోగపడుతుంది. చేనులో పది పదిహేను చోట్ల, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు నుంచి, వేళ్ళ సమీపంలోని తేమ మట్టిని సేకరించి కలపాలి. దానిని కుండీల్లో నింపి నిరోధకత లేని టమాట, వేరుశనగ, వేయదలచిన ఆచ్ఛాదన పంటను విడివిడిగా పెంచాలి. 45 రోజులకు వేళ్ళను మెల్లగా కడిగి బుడిపెలను లెక్కించాలి. టైలర్, సాసర్ 1978లో ప్రతిపాదించిన కొలమానం ఇందుకు సరిపోతుంది: బుడిపెలు లేకుంటే 0, 1–2 ఉంటే 1, 3–10 ఉంటే 2, 11–30 ఉంటే 3, 31–100 ఉంటే 4, 100కు మించితే 5.

టమాటపై బుడిపెలు వచ్చి వేరుశనగపై రాకుంటే ఆ చేనుకు వేరుశనగ తగిన మార్పిడి పంట. రెండింటిపైనా వస్తే వేరుశనగను ఆపి, జనుమును ముందుకు తేవాలి. టమాటపై కూడా బుడిపెలు లేకుంటే వేరుబుడిపె నులిపురుగు ప్రధాన సమస్య కాదని తెలుస్తుంది. అయితే మూత్రపిండాకార నులిపురుగు, కాళహస్తి నులిపురుగు బుడిపెలు కలిగించవు. వాటిని మట్టి నమూనా నుంచి సూక్ష్మదర్శిని ద్వారానే గుర్తించాలి.

నమూనా తీసే కాలమూ ముఖ్యమే. పంట చివరిదశలో సంఖ్య గరిష్ఠంగా ఉంటుంది. మండు వేసవిలో ఎండిన పైమట్టిని తీస్తే లెక్క తక్కువగా వచ్చి, చేను శుభ్రంగా ఉందన్న తప్పుడు ధీమా కలుగుతుంది. గుడ్ల రూపంలోనూ, లోతు పొరల్లోనూ ఉన్నవి ఆ లెక్కకు అందవు.

నీటి లెక్క

అధిక వర్షపాతం గల దేశాల్లో రూపొందిన ఆచ్ఛాదన పంటల సిఫారసులను కదిరికి తెచ్చేటప్పుడు తొలుత వేయవలసిన ప్రశ్న తేమ గురించి. పూర్వపు అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆచ్ఛాదన పంట రోజుకు సగటున 3 మిల్లీమీటర్ల నీరు వాడుతుందనుకొన్నా 45 రోజులకు 135 మిల్లీమీటర్లవుతుంది. అంటే ఏడాది వర్షంలో దాదాపు నాలుగో వంతు. ఆ తరువాత జులైలో విత్తే వేరుశనగకు నేలలో తేమ మిగలకపోతే, నులిపురుగు చేయని నష్టాన్ని ఆచ్ఛాదన పంటే చేస్తుంది.

మరొక సున్నితమైన అంశం వేసవి దుక్కి. ఏప్రిల్, మే నెలల్లో లోతుగా దున్ని నేలను ఎండకు ఆరవేయడం నులిపురుగులను తగ్గించే పాత పద్ధతి. అదే సమయంలో లొంగే పంటలతో నేలను పచ్చగా ఉంచితే, ఎండ చేసే మేలు పోయి పురుగుకు ఆహారం దొరుకుతుంది. కాబట్టి వేసవి దుక్కి, తొలకరి ముందు విత్తనం అనే రెండు సిఫారసులు ఒకే చేనుకు ఒకేసారి పొసగవు. పురుగు లేని మెట్ట చేనులో నవధాన్యాల వల్ల కలిగే నేల రక్షణకు ప్రాధాన్యమివ్వవచ్చు. పురుగు ఉన్న చేనులో ఎండ దుక్కికో, లేదా అలసంద, పెసర తగ్గించి జనుము పాలు పెంచిన మిశ్రమానికో ప్రాధాన్యమివ్వాలి. మిశ్రమంలో లొంగే మొక్కలు కొన్ని ఉన్నా నులిపురుగుల చక్రం కొనసాగుతుందన్నది మరువరాదు.

అమలు విధానం

బోరు కింద టమాట మడులు: పంట ముగియగానే మొక్కలను వేళ్ళతో సహా పీకి తొలగించాలి, నిలిచి ఉన్న మోళ్ళలో పురుగు వృద్ధి ఆగదు. ఎకరాకు సుమారు 12 నుంచి 15 కిలోల జనుము విత్తనం ఒత్తుగా చల్లాలి. పలుచగా మొలిస్తే కామంచి, అడవి తోటకూర వంటి కలుపు మొక్కలు ఎదిగి, జనుము నిరాకరించిన ఆతిథ్యాన్ని అవి ఇస్తాయి. 45 రోజుల ప్రాంతంలో, పూత దశలో, కాండం నారెక్కక ముందే కలియదున్ని నీరు పెట్టాలి. కుళ్ళడానికి కనీసం రెండు వారాలు ఆగి నారు నాటాలి. అవసరమైతే వేపపిండిని జత చేయవచ్చు.

దానిమ్మ తోటలు: వరుసల మధ్య జనుము వేయడం వల్ల నేలకు మేలు కలుగుతుంది, అలసంద వేస్తే కలిగే కీడు తప్పుతుంది. కాని చెట్టు పాదులోని వేళ్ళు ఏడాది పొడవునా పురుగును పోషిస్తూనే ఉంటాయి. సాళ్ళ మధ్య పంట ఆ పాదులోకి చేరదు. జనుమును కోసి పాదులో పరచడం దీనికి పాక్షిక పరిష్కారం. అసలైన నివారణ పురుగు లేని అంటు మొక్కతోనే మొదలవుతుంది.

వర్షాధార వేరుశనగ: మే నెల జల్లులు నేలను లోతుగా తడిపిన సంవత్సరాల్లో మాత్రమే జనుము వేసి, విత్తడానికి రెండు వారాల ముందు కలియదున్నాలి. జల్లులు లేని ఏడు ఎండ దుక్కి చాలు. కాళహస్తి నులిపురుగు నిర్ధారణ అయిన చోట ఆచ్ఛాదన పంటపై కాక తట్టుకొనే రకంపై ఆధారపడాలి.

పశువుల విషయం: గొర్రెల మందలు తిరిగే ఈ ప్రాంతంలో ఆచ్ఛాదన పంట ఒక్క రాత్రిలో మేతగా మారవచ్చు. జనుము గింజల్లో పశువులకు హాని చేసే ఆల్కలాయిడ్లు ఉంటాయి కాబట్టి కాయ కట్టిన జనుములోకి మందలను వదలరాదు. విత్తే ముందే కాపరులతో మాట్లాడుకోవడం సాగు పద్ధతిలో భాగంగానే పరిగణించాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

ఆచ్ఛాదన పంటను సిఫారసు చేసే ముందు ఒకే చేనులో మూడు పట్టీలు వేయించడం ఉత్తమం: జనుము, రైతు వాడే విత్తన మిశ్రమం, ఖాళీ నేల. విత్తే ముందు, దున్నిన తరువాత నమూనాలు తీసి, తుది సంఖ్యను తొలి సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు తొలి లెక్క 80, తుది లెక్క 240 అయితే నిష్పత్తి 3. ఆ పంట పురుగును మూడింతలు చేసిందని అర్థం. నిష్పత్తి 1 కంటే తక్కువైతే పంట మేలు చేసినట్లు. అయితే ఖాళీ పట్టీలో కూడా అంతే తగ్గితే ఆ ఘనత పంటది కాదు, ఎండది. వేళ్ళలోని గుడ్లు మట్టి లెక్కలోకి రావు కాబట్టి వేరు పరీక్షను తప్పక జోడించాలి.

నేలను పచ్చగా కప్పడం మంచి ఆశయమే. కరువు పీఠభూమిలో ప్రతి చినుకుకూ, ప్రతి విత్తనానికీ రైతు వెల చెల్లిస్తాడు. 'పప్పుజాతి పంట వేయండి' అన్న సలహాకు ముందు ఒక మొక్కను పీకి వేరు కడిగి చూడడం, ఆ తరువాతనే విత్తనం పేరు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.